వెనక్కి నడవని బండి

నేను హేగ్ నగరంలో ట్రామ్ డ్రైవర్ని. ట్రామ్‌కి వెనక్కి వెళ్లే పనే ఉండదు. దారి చివర పట్టాలు గుండ్రంగా తిరుగుతాయి, మనమూ వాటితోపాటు తిరిగొచ్చేస్తాం. ఇంటికొస్తే సైకిలు. అంచేత బండిని వెనక్కి నడపడం నాకు చేతకాదన్న సంగతి ఇన్నేళ్లుగా మూడో కంటికి తెలియలేదు.

ఈ వేసవిలో స్కాట్లండ్ పల్లెల్లో మనమే బండి నడుపుకుంటూ తిరుగుదామంది మా ఆవిడ హన్నెకె. మంచం, పొయ్యి ఉన్న పెద్ద వ్యాను అద్దెకు తీసుకుని చెరో పూటా నడుపుదామంది.

"ఊరందర్నీ మోసేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నువ్వు నడపడమేంటి? హాయిగా కూర్చుని చూడు" అన్నాను. అలా నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

అక్కడందరూ ఎడమ పక్కన నడుపుతారని కంగారుపడ్డాను గాని, అసలు కష్టం అది కాదు. ఆ కొండల్లో రోడ్డు ఒక్క బండికే సరిపోతుంది. అక్కడక్కడా తప్పుకోవడానికి కాస్త జాగా వదులుతారు. రెండు బండ్లు ఎదురుపడితే ఆ జాగా ఎవరి వెనక దగ్గరగా ఉంటే వాళ్లు మర్యాదగా వెనక్కి వెళ్లాలి. మర్యాదకు నేనేం తక్కువ కాదు, వెనక్కి వెళ్లడమే రాదు.

అందుకని ఒక ఉపాయం పన్నాను. దూరాన ఏ బండి చుక్కలా కనబడినా ముందున్న జాగాలో దూరిపోవడం, హన్నెకె ఎందుకని అడిగేలోపు "ఆ సరస్సు చూడు, ఎంత బాగుందో" అనడం. ఆమె దిగి చూసేది. నేను ఫ్లాస్కులోంచి కాఫీ వంపి ఇచ్చేవాణ్ణి. సరస్సు లేనిచోట గొర్రెను చూపించాను. గొర్రె కూడా లేనిచోట మబ్బును మెచ్చుకున్నాను. కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలమ్మ మమ్మల్ని రెండుసార్లు దాటిపోయింది.

ఒక మధ్యాహ్నం మలుపు తిరిగేసరికి ఎదురుగా ట్రాక్టరు, దాని వెనక ట్రాలీ నిండా గొర్రెలు. జాగా సరిగ్గా నా వెనకే ఉంది. రైతు చెయ్యెత్తి నవ్వి ఆగాడు. నేనూ చెయ్యెత్తి నవ్వి ఆగాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. గొర్రెలు నవ్వలేదు.

ఇక లాభం లేదని ఇంజను ఆపి, దిగి, ముందు మూత ఎత్తాను. రైతు పేరు ఫర్కర్, పెద్దాయన.

"ఏమైంది నాయనా?" అన్నాడు దగ్గరికొచ్చి.

"చచ్చింది" అన్నాను ఇంజను చూపించి.

అక్కడి జనం సాయం చెయ్యడానికి కాచుకుని ఉంటారని నాకేం తెలుసు? ఫర్కర్ కబురు పెడితే ఆయన తమ్ముడు తాడూ పానాలూ తెచ్చాడు. ఈలోగా ట్రాక్టరు వెనక పోస్టు బండి, పాల లారీ వచ్చి ఆగాయి. పోస్టావిడ ప్లగ్గులు విప్పమంది, పాలాయన తప్పంతా బ్యాటరీదేనన్నాడు. ఎవరో టీ కూడా తెచ్చారు. నిక్షేపంలాంటి ఇంజను చుట్టూ అందరూ మూగారు. ఫర్కర్ తమ్ముడు పానా లోపలికి దూర్చేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. అది అద్దె బండి.

హన్నెకె టీ పూర్తి చేసి, కప్పు నా చేతిలో పెట్టి, అందర్నీ పక్కకి జరగమని మూత దించింది. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. అద్దంలో ఓ చూపు చూసి, వ్యాన్ని ఒక్క ఊపున వెనక్కి తీసుకెళ్లి జాగాలో పెట్టింది.

ఫర్కర్ నా భుజం తట్టి వెళ్లాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఎక్కడ నేర్చావని అడిగితే, వాళ్ల నాన్న పొలంలో ఆలుగడ్డల ట్రాలీ వెనక్కి పెట్టేది తనేనని చెప్పింది.

"నాకు రాదని ఎప్పుడు తెలిసింది?"

"బండిని గేటు వైపు తిప్పి ఇమ్మని అద్దె కొట్టు వాణ్ణి బతిమాలావు చూడు, అప్పుడే."

"మరి చెప్పొద్దా?"

"చెప్తే ఆపేవాడివా? పెళ్లయిన దగ్గర్నించీ ఎక్కడికెళ్లినా ట్రామ్ టైముకి పరిగెత్తించినట్టు పరిగెత్తించావు. ఈసారే కాళ్లు కింద పెట్టి నాలుగు చోట్లు చూశాను. కాఫీ కూడా చేతికిచ్చావు. చెప్పడానికి నాకేం పిచ్చా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్లూ ఆపమని అడిగి అడిగి మానేసిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, అంతకంటే ఎక్కువ బాధ వేసింది.

ఆమె పక్క సీట్లోకి జరిగి నన్నే నడపమంది. కొంత దూరం పోయాక ముందు మరో జాగా కనబడింది. కనుచూపు మేరలో ఒక్క బండీ లేదు. ఆపాను.