కోటకల్లుకు కోట వచ్చిన ఏడు

"కోటకల్లుకు చరిత్ర లేదన్న వాళ్ళ నోళ్ళు ఉగాది లోపల మూయిస్తాం!" అని ఎమ్మెల్యే సుధీర్ గారు పోయిన జూన్‌లో, పత్తికొండ రోడ్డు మీది కల్యాణ మండపంలో ప్రకటించారు. అలా అన్నవాళ్ళు ఎవరో ఇప్పటికీ తెలియలేదు.

అయినా ఆయన బాధలో న్యాయముంది. చుట్టుపక్కల ఏ ఎమ్మెల్యేను చూసినా, నియోజకవర్గంలో ఒక కోట ఉంది. కోట లేనిచోట కనీసం ఒక బురుజైనా ఉంది. సుధీర్ గారికి మాత్రం ఊరి పేరులో కోట ఉంది గానీ ఊళ్ళో లేదు. ఇది గత ప్రభుత్వాల నిర్లక్ష్యమేనని ఆయన ఆ సభలోనే నిరూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు కాబట్టి నిరూపణ అయినట్టే.

కోటకల్లు చరిత్ర పరిశోధక సంఘం అక్కడికక్కడే పుట్టింది. ఎమ్మెల్యే గారు అధ్యక్షులు. మారెన్నకు జేసీబీలున్నాయి కాబట్టి తవ్వకాల కన్వీనర్ అయ్యాడు. సమీవుల్లాకు ఫ్లెక్సీ షాపుంది కాబట్టి ప్రచురణల బాధ్యత అతనికి దక్కింది. దావీదురాజు సారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర పనికొచ్చే వస్తువేదీ లేకపోవడంతో ప్రధాన కార్యదర్శిని చేశారు.

సారుకు ఉన్నది ఒక్కటే కోరిక. ఊరి చివర పేటలో, వాళ్ళ అక్క విశ్వాసమ్మ ఇంటి ముందర పొడుగాటి రాతి తొట్టి ఉంది. పేటలో దాన్ని గంజితొట్టి అంటారు. నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో తెల్లదొరలు అందులో గంజి పోయిస్తే, వీళ్ళ ముత్తాతలు చుట్టూ కూర్చుని తాగి ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ సంగతి చెప్పే ముసలమ్మలంతా పోయారు. ఇప్పుడు అందులో విశ్వాసమ్మ మేకలు నీళ్ళు తాగుతున్నాయి. ఆ తొట్టి పక్కన ఒక బోర్డు పెట్టించాలి. 'కరువులో మనవాళ్ళు ఇక్కడ గంజి తాగి బతికారు' అని ఒక్క వాక్యం రాయించాలి. సంఘంలో ఆయన చేరింది ఆ వాక్యం కోసమే.

అయితే సారుకు ఒక అలవాటుంది. చరిత్రలో దేన్నీ గట్టిగా చెప్పకూడదని చదువుకునే రోజుల్లో ఎవరో మేష్టారు చెబితే నమ్మేశారు. పిల్లలు ఏమడిగినా "అవకాశం లేకపోలేదు" అనేవారు. పిల్లలు కూడా పరీక్షలో అదే రాసి వచ్చి, పాసవుతామా సార్ అని అడిగితే దానికీ అదే జవాబు.

మొదటి సమావేశంలో సారు తన తొట్టి సంగతి బయటపెట్టారు.

"గంజాయా?" ఎమ్మెల్యే గారు ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు. "మెల్లగా మాట్లాడండి సారూ, విలేకరులుండారు."

"గంజాయి కాదు సార్, గంజి. కరువులో తాగిన గంజి."

"అదింకా అన్యాయం! ఏ ఊరోళ్ళన్నా మేం గంజి తాగినామని బోర్డు పెట్టుకుంటారా? అది చూసి ఫ్యాక్టరీ పెట్టేటోడు ఎవడన్నా ఈడ దిగుతాడా?"

సారు ముఖం వాడిపోవడం చూసి సమీవుల్లాకు జాలేసింది. మంచి మనసున్నవాడు, ఊరుకోలేకపోయాడు. "సార్, మా ఉర్దూలో గంజ్ అంటే ఖజానా. మా నాయన అంటాండె" అన్నాడు.

హాల్లో కుర్చీలన్నీ ముందుకు జరిగాయి. తొలకరి పడిందంటే చాలు, ఉద్యోగాలకు సెలవు పెట్టి మరీ చేలల్లో వజ్రాలు వెతుక్కునే సీమ అది. ఖజానా అన్న మాట అక్కడ ఊరికే పోదు.

"అంటే అది నవాబుల గంజ్‌తొట్టి," అన్నారు ఎమ్మెల్యే గారు కళ్ళు మూసుకుని. "చదువు లేనోళ్ళ నోళ్ళల్లో పడి గంజితొట్టి అయ్యుంటాది. ఏం సారూ, కావచ్చా?"

దావీదురాజు సారు ఆలోచించారు. కాదంటే తొట్టి అజెండాలోంచి పోతుంది. అవునంటే అబద్ధం. "అవకాశం లేకపోలేదు సార్" అన్నారు.

కోటకల్లు తొట్టి నవాబుల ఖజానాయేనని ప్రధాన కార్యదర్శి ధ్రువీకరించినట్టు తీర్మానమైంది. మర్నాటికల్లా ఫ్లెక్సీ లేచింది. అందులో ఎమ్మెల్యే గారు నిలువెత్తున ఉన్నారు. తొట్టి ఆయన మోచేతి కింద ఉంది.

శ్రావణం వచ్చేసరికి తొట్టి చుట్టూ ముళ్ళకంచె పడింది. విశ్వాసమ్మ తమ్ముణ్ణి నిలదీసింది.

"రేయ్ దావీదూ, మేకలకు నీళ్ళు యాడ పెట్టల్లరా? బకెట్లో పెడితే తన్ని పోస్తాండాయి."

"కొంచెం ఓపిక పట్టు అక్కా. మన బోర్డు వస్తాది."

"మేకలకు బోర్డు తాపల్లనా?"

దసరా వెళ్ళాక మారెన్న జేసీబీ తెచ్చి, ఎమ్మెల్యే గారి ఎదుటే ఖజానా కోసం తొట్టిని పైకి లేపాడు. కింద మన్ను తప్ప ఏమీ లేదు. దించేటప్పుడు తొట్టి నడిమికి విరిగి రెండు ముక్కలైంది. సారు పదిమందిలో ఏడవలేక కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. 'తవ్వకాల్లో రెండో తొట్టి లభ్యం' అని మర్నాడు జిల్లా ఎడిషన్లో వచ్చింది.

ఖజానా దొరకలేదని మారెన్న కుంగిపోలేదు. పరిశోధకుడికి ఆశ ఉండాలి. జేసీబీ మూతిని విశ్వాసమ్మ ఇంటివైపు తిప్పి, "ఉంటే గింటే ఈ ఇంటి కింద ఉంటాది సార్" అన్నాడు.

విశ్వాసమ్మ వాకిట్లోకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "నా ఇంటి కింద ఏముంటాదప్పా? మా ఆయన పేడ కలిపి అలికిన మన్నుండాది. కావల్లంటే నన్ను పూడ్చి తవ్వుకోండి."

ఎమ్మెల్యే గారు సారు వైపు చూశారు. దావీదురాజు సారుకు జీవితంలో మొదటిసారి తెలివి పుట్టింది.

"సార్, ఖజానా అనేది పెద్దోళ్ళ ఇండ్ల కిందనే ఉంటాది గదా. ఎదురుగా ఉండే మీ తాతగారి మిద్దె కింద ఉండే అవకాశం లేకపోలేదు."

తాళం వేసి ఉన్న ఆ పాత మిద్దె పేటకు ఎదురుగానే ఉంది. ఎమ్మెల్యే గారు దాన్ని చూశారు. తర్వాత జనాన్ని చూశారు. "ఈ పొద్దుకు పరిశోధన చాలు, అందరూ ఇండ్లకు పోండి" అన్నారు.

మర్నాటి నుంచి మిద్దె గేటుకు లోపలి నుంచి గడియపడింది. లోపల జేసీబీ మోగుతూనే ఉంది. మరమ్మతులు చేయిస్తున్నామని మారెన్న అందరికీ అడక్కుండానే చెప్పాడు. అక్క ఇల్లు దక్కిందని సారు హాయిగా అన్నం తిన్నారు. తన తెలివికి తానే మురిసిపోయి, ఆదివారం చర్చిలో మామూలు కంటే గట్టిగా పాడారు.

క్రిస్మస్ వెళ్ళి వారం తిరక్కుండానే మిద్దె ముందుగోడ, సగం పైకప్పు కూలిపోయాయి. లోపల ఎవరూ లేకపోవడం కోటకల్లు చేసుకున్న పుణ్యం. ఎమ్మెల్యే గారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆ మట్టికుప్ప ఎక్కి విలేకరులను పిలిపించారు.

"కోట దొరికింది!" అన్నారు.

దావీదురాజు సారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "సార్, ఇది మీ తాతగారి మిద్దె గదా."

"మా తాత కట్టినాడా సారూ? కొనుక్కున్నాడు. ఆయప్పకు అమ్మినోడు ఎవని దగ్గర కొన్నాడో! పాతది కాదంటారా?"

పక్క నియోజకవర్గం కోట పన్నెండో శతాబ్దానిది కాబట్టి మనది పదకొండో శతాబ్దంగా ఖరారైంది. ఎన్నెన్ని సంఘాలు ఉన్న శిథిలాలను కాపాడలేక చతికిలపడ్డాయో లోకానికి తెలుసు. పుట్టిన ఏడాదిలోనే ఊరికి సొంతంగా శిథిలాలు సమకూర్చిన సంఘం మాత్రం ఇదొక్కటే.

ఉగాదికి ముందు వార్షిక సభ జరిగింది. కోట కనుగొన్నందుకు దావీదురాజు సారుకు శాలువా కప్పారు. ఆ తర్వాత మారెన్న బల్ల మీద మ్యాపు పరిచి విశ్వాసమ్మ ఇంటి మీద వేలు పెట్టాడు.

"కోట చూడనీకి బస్సులొస్తాయి," అన్నారు ఎమ్మెల్యే గారు. "పార్కింగ్ కావల్ల. చరిత్ర లేకుండా ఇల్లు తీస్తే బాగుండదు. పూర్వం ఆడ కోట గుర్రాల్ని కట్టేసేటోళ్ళని చెప్పొచ్చా సారూ?"

ఆ జవాబు అందరికీ తెలిసిందే. తీర్మానం రాసే అతను అప్పటికే 'అవకాశం' దాకా రాసేశాడు.

సారు శాలువాతోనే లేచి నిలబడ్డారు. విరిగిన తొట్టి కళ్ళ ముందు కదిలింది.

"లేదు సార్" అన్నారు.

ఆ మాట ఆయన నోట విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. పెన్ను ఆగిపోయింది.

"ఆడ గుర్రాల్లేవు, నవాబుల్లేరు, ఏమీ లేదు. ఆడ అక్క ఉండాది సార్! మొదటి నుంచీ ఆడ అక్కే ఉండాది!"

ఎమ్మెల్యే గారు మెల్లగా లేచారు. "అక్క..." అన్నారు కళ్ళు మూసుకుని. "అక్కమాంబ! కోట ఉండాక రాణి లేకుండా యాడికి పోతాది? పేరుతో సహా పట్టుకొచ్చినాడయ్యా సారు!"

చప్పట్లు మోగాయి. "అది కాదు సార్, మా అక్క..." అని సారు అంటూనే ఉన్నారు. ఆ మాటలు ఎవరికీ వినబడలేదు. పార్కింగ్ ఆలోచన మాత్రం అప్పటికప్పుడే రద్దయింది. ఎట్లయితేనేం ఇల్లు నిలిచిందని సారు కూర్చుని మంచినీళ్ళు తాగారు.

ఉగాది పొద్దున పేటలో డప్పులు మోగాయి. సారు పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి అక్క వాకిట్లో మారెన్న, ఇద్దరు ఉద్యోగులు ఒక ఫ్లెక్సీతో నిలబడి ఉన్నారు. 'రాణి అక్కమాంబ అంతఃపురం' అని దాని మీద రాసి ఉంది. మేకలను అప్పటికే బయటికి తోలేశారు.

"ఖాళీ చెయ్యల్ల పెద్దమ్మా," అన్నాడు మారెన్న మర్యాదగా. "అంతఃపురంలో మనుషులుండకూడదు. ఈడ అక్క ఉండాదని మీ తమ్ముడే సభలో లేచి చెప్పినాడు."

విశ్వాసమ్మ తమ్ముడి వైపు చూసింది. తర్వాత మారెన్న వైపు తిరిగింది.

"ఆ అక్కను నేనే గదప్పా" అంది.

మారెన్న ఆమెను జాలిగా చూశాడు.

"రాణమ్మ చచ్చిపోయి శానా వందల ఏండ్లాయ పెద్దమ్మా," అన్నాడు. "తీర్మానం గూడా అయిపోయింది."