గంటగోపురానికి నాలుగు ముడులు

మంగళవారం పొద్దున్నే వుకాషిన్ కాఫీ తాగి, దేవుడి పటం ముందు శిలువ గుర్తు వేసుకుని కంప్యూటర్ తెరిచాడు. ఆ రోజు కావలసిన పని ఒక్కటే. జెలెన్‌దోల్ ఊరి చర్చి గంటగోపురానికి సాయంత్రంలోగా పెంకులు వేయించాలి. పాత కప్పు విప్పి వారమైంది. పొద్దుగూకేసరికి వాన వస్తుందని రేడియో రెండుసార్లు చెప్పింది. గోపురం లోపలి గోడల మీద రెండు వందల ఏళ్ళనాటి పునీతుల బొమ్మలున్నాయి. ఒక్క వానకే వాళ్ళ ముఖాలు కరిగిపోతాయి. వాటికి చుక్క తడి తగలనివ్వనని ఫాదర్ గావ్రిలోకు మాట ఇచ్చింది చర్చి కమిటీ సెక్రటరీ అయిన వుకాషినే.

ఆయన నలభై ఏళ్ళు రైల్వేలో పనిచేశాడు. ముందు బండి స్టేషన్ దాటందే వెనక బండిని కదలనివ్వకపోవడమే ఉద్యోగం. అందుకే, అల్లుడు తన కంపెనీలో వాడే పనుల ప్రణాళిక సాఫ్ట్‌వేర్ ఇవ్వగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. ఏ పని అయ్యాక ఏ పనో అందులో ముడి వేస్తే చాలు. ఒకటి పూర్తయిందని నొక్కగానే తర్వాతి మనిషి ఫోనుకు దానంతట అదే కబురు పంపుతుంది.

ఆదివారం అందరినీ అడిగి ముడులు వేశాడు. మూడు ఊళ్ళ చర్చిలు చూసుకునే ఫాదర్ ఒక్కసారే రాగలనన్నాడు కాబట్టి, పెంకులు వేశాక ఆయన రాక. ఆయన ప్రార్థన చెయ్యందే వడ్డించనని వంటలు చూసే దెసాంక అంది కాబట్టి, ఆయన వచ్చాక భోజనం. మేస్త్రీలకు కొత్త చొక్కాలు పెట్టేది భోజనాల దగ్గరే కాబట్టి, భోజనం అయ్యాక చొక్కాలు. ఆ చొక్కాలు వాసాల మీద వేలాడదీయందే ఒక్క పెంకు కూడా వెయ్యనని మిలున్ మేస్త్రి అన్నాడు కాబట్టి, చొక్కాల తర్వాత పెంకులు. నాలుగో ముడి వెయ్యగానే తెర ఎర్రబడింది. ఈ పనులు గుండ్రంగా తిరుగుతున్నాయి, వీటికి మొదలంటూ లేదు, ఒప్పుకోనంది సాఫ్ట్‌వేర్. చొక్కాలు ఆచారమే గాని పనికి అడ్డమెలా అవుతాయనుకుని వుకాషిన్ ఆ చివరి ముడి తీసేశాడు. తెర పచ్చబడింది. ఆయన మనసూ కుదుటపడింది.

మంగళవారం ఎనిమిదింటికి పెంకులు మొదలుపెట్టమని మిలున్ ఫోనుకు కబురు వెళ్ళింది. తొమ్మిదింటికి వుకాషిన్ వెళ్ళి చూస్తే, మిలున్, అతని ముగ్గురు పనివాళ్ళు పరంజా మీద వరసగా కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారు.

"చొక్కాలేవి సెక్రటరీగారూ?" అన్నాడు మిలున్.

"ఫోన్లో మొదలుపెట్టమని వచ్చిందిగా."

"వచ్చింది. కానీ గోపురం ఎక్కేది ఫోను కాదండీ, నేను. మా నాన్న ఒకేఒక్కసారి చొక్కా లేకుండా కప్పు వేశాడు. కిందపడి ఆర్నెల్లు కుంటుతూ నడిచాడు."

వుకాషిన్ చర్చి వంటింట్లో ఉన్న దెసాంక దగ్గరికి పరుగెత్తాడు. చొక్కాలు నాలుగూ ఇస్త్రీ చేసి బల్ల మీద పెట్టి ఉన్నాయి. చెయ్యి చాపితే ఆమె వాటికి అడ్డంగా నిలబడింది. భోజనం అయ్యేదాకా చొక్కాలు ఆగాలని ఫోన్లో ఎర్రగా ఉందని చూపించింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ వంటింట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పెత్తనం చేశారు బావగారూ. ఇన్నాళ్ళకు మీరొచ్చి ఒక పద్ధతి పెట్టారు. దాన్ని మీరే చెడగొడతారా?"

పొయ్యిలో గొర్రెపిల్ల కాలుతోందని, రేపు బుధవారం, మాంసం ముట్టని ఉపవాసం గనక పని రేపటికి జరిగితే ఊరందరికీ చిక్కుడుగింజల పులుసేనని కూడా హెచ్చరించింది.

ఫాదర్‌కు ఫోను చేస్తే ఆయన పక్క ఊళ్ళో బాప్తిస్మానికి వెళ్ళి ఉన్నాడు. పెంకులైనట్టు కబురు రాలేదే అన్నాడు. అది వచ్చేదాకా కదలొద్దని నువ్వే కదయ్యా చెప్పావు అని గుర్తుచేశాడు.

వుకాషిన్ చర్చి అరుగు మీద కూర్చుని పడమటి వైపు చూశాడు. మబ్బు కొండ దాటింది. కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. నోటితో ఆడితేనే అబద్ధమా, వేలితో నొక్కినా అబద్ధమేనా అని కాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత పెంకుల పని పూర్తయిందని నొక్కాడు.

ఆ ఒక్క పనికి ఇంకా ఏమేం ముడివేశాడో ఆయనకు గుర్తులేదు. ఫాదర్ బయలుదేరాడు. గోపురం పూర్తయింది, భోజనానికి రండని అరవై ఇళ్ళకు కబురు వెళ్ళింది. పన్నెండింటికల్లా ఆడవాళ్ళు కేకులతో, మగవాళ్ళు ప్లమ్ పళ్ళ సారా సీసాలతో వచ్చి, ఆకాశం కనబడుతున్న గోపురం కింద నిలబడ్డారు. పరంజా అద్దెకిచ్చినవాళ్ళు కూడా కబురందుకుని లారీ వేసుకొచ్చి కింది బోల్టులు విప్పడం మొదలుపెట్టారు.

"విప్పండి నాయనా, కాదనను," అన్నాడు పైనుంచి మిలున్. "మేం ఎట్నుంచి దిగాలో అది కూడా చెప్పి విప్పండి."

అప్పుడే ఫాదర్ కారు దిగి తలెత్తి చూశాడు.

"పెంకులేవి వుకాషిన్?"

"నొక్కాను ఫాదర్."

"వేశారా అని అడుగుతున్నాను."

"నొక్కాను."

ఫాదర్ లారీ వైపు నడిచాడు. బల్ల మీద అన్నం ఉండగా అతిథి నిలబడకూడదంటూ లారీవాళ్ళను తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ప్రార్థన అయింది. గొర్రెపిల్ల అయింది. దెసాంక ఫోను పచ్చబడింది. నాలుగు చొక్కాలు పైకెక్కి వాసాల మీద గాలికి ఊగాయి. మిలున్ సిగరెట్ ఆర్పి మొదటి పెంకు పెట్టాడు. తిన్న తిండికి మొహమాటపడి లారీవాళ్ళు లేచి, విప్పిన బోల్టులు మళ్ళీ బిగించి, పెంకులు అందించసాగారు. వాళ్ళను చూసి ఊరంతా లేచి వరస కట్టింది. ఐదింటికి చివరి పెంకు పడింది. ఐదుంపావుకు వాన పడింది. లోపల పునీతుల ముఖాలు పొడిగానే ఉన్నాయి.

"అబద్ధం అబద్ధమే. శనివారం పాపసంకీర్తనానికి రా, నా ముందు ఒప్పుకుందువుగాని," అన్నాడు ఫాదర్ గొడుగు విప్పుతూ.

"ఆ అబద్ధం లేకపోతే ఇదంతా అయ్యేదా ఫాదర్?"

"అది కూడా శనివారమే అడుగు."

కనీసం లెక్క సరిచేద్దామని వుకాషిన్ తడుస్తూ ఇంటికెళ్ళి, పెంకుల పని పూర్తయిందని ఈసారి నిజంగా నొక్కబోయాడు. అది పొద్దునే పూర్తయిందని, మళ్ళీ పూర్తి చెయ్యడం కుదరదని సాఫ్ట్‌వేర్ చెప్పింది.