కొలిమిలో బజ్జీల వాసన

సరూర్‌నగర్ చెరువు వెనక సందులో కొలిమి పెట్టుకున్న గోపయ్యకు ఆ పొద్దున ఒకటే పని. పది గంటలకల్లా ఆరు కత్తులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడిపే అండాలమ్మ వచ్చి తీసుకుపోతుంది. ఈసారి ఆలస్యమైతే మాల్‌లో కొనుక్కుంటానని చెప్పే పోయింది. ఆమె పోతే గోపయ్యకు చెప్పుకోదగ్గ గిరాకీ లేదు.

ఒక కత్తి అరిగిపోయిన ఆకురాయితో చేస్తున్నది. మిగతా అయిదూ ఎల్బీనగర్ తుక్కు దుకాణంలో ఏరిన, లారీ కింద ఉండే కమాన్ పట్టీలతో చేస్తున్నవి. ఎర్రగా కాగిన పట్టీ గట్టిపడాలంటే గోరువెచ్చని పల్లీనూనెలో ముంచాలి. ఆకురాయి ఇనుముకు ఆ నూనె చాలదు. చటుక్కున చల్లార్చే పల్చటి నూనె కావాలి, అది వేరే డబ్బాలో ఉంది. గోపయ్య అయిదో తరగతిలో బడి మానేశాడు. ఇనుము ఏనాడూ అతన్ని సర్టిఫికెట్ అడగలేదు.

ఆకురాయి కత్తి ముగించి, రెండు పట్టీ కత్తులు పల్లీనూనెలో ముంచేసరికి సందంతా కమ్మటి వాసన.

"అన్నా, రెండు ప్లేట్ల మిర్చి" అంటూ ఒకామె గిన్నె పట్టుకొచ్చింది.

"మిర్చి లేదు, ఏం లేదు. కత్తులు!"

ఆమె నమ్మలేదు. వెనక ఇంకో నలుగురు నిలబడ్డారు. లేదన్నకొద్దీ దాచిపెట్టాడనుకున్నారు. ఒకాయన నూనె డబ్బాలోకి తొంగిచూసి, ఆ నలుపు ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెట్టాడు. పది నిమిషాల్లో సంఘం సెక్రటరీ సిద్ధిరాములు తాళంకప్పతో దిగాడు.

"గీ నూనె ఎన్ని దినాలదయ్యా?"

"ఆరు నెల్లది."

"మార్చవా?"

"ఎందుకు మారుస్త? ఇంకో యేడాది నడుస్తది!"

జనం నోళ్ళు నొక్కుకున్నారు. సిద్ధిరాములు ఇంకేమీ అడగకుండా డబ్బా ఎత్తి మోరీలో గుమ్మరించాడు.

గోపయ్య భార్య ఈరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో సాబ్, అది తినేది కాదు! కత్తులు ముంచేది!"

సెక్రటరీ అటూ ఇటూ చూశాడు. ఇంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం అతనికి అలవాటు లేదు. "అయితేంది? బజ్జీలు లేకుండ బజ్జీల వాసనొస్తె జనాన్ని మోసం చేసినట్టె. నీళ్ళల్ల ముంచు. నీళ్ళకు వాసనుండదు."

"పట్టీ నీళ్ళల్ల ముంచితె పగుల్తది" అన్నాడు గోపయ్య.

"ఇనుము పగుల్తదా? నాకు చెప్తున్నవా?"

"నీకే చెప్తున్న. పగిలితె నువ్వే కొత్త నూనె కొనుక్కరావాలె. పగలకుంటె నీ తాళం నువ్వేసుకో."

అప్పుడే వచ్చిన అండాలమ్మ "అన్నా, అది నా కత్తి!" అంటున్నా వినకుండా గోపయ్య ఎర్రటి పట్టీని బకెట్లో ముంచాడు. బుస్సుమంది. పైకి తీశాడు. ఎక్కడా గీత కూడా లేదు.

"ఏమాయె?" అంటూ సిద్ధిరాములు తాళంకప్ప తెరిచాడు. ఈరమ్మ తల పట్టుకుంది. గోపయ్య కత్తిని రాతి మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

టింగ్!

కత్తి నడిమికి రెండు ముక్కలై ఉంది.

"అయిదు లీటర్లు" అన్నాడు గోపయ్య. "పల్లీదే. వేరేది తెచ్చినవనుకో, మళ్ళ పంపిస్త."

సెక్రటరీ కిరాణా కొట్టు నుంచి నూనె డబ్బా భుజాన మోసుకొస్తుంటే సందులో అన్ని వాకిళ్ళూ తెరుచుకున్నాయి. కొలిమి ముందున్న వరుస అతనికి దారిచ్చింది.

"సాబ్, మీకు గూడ వాటా ఉన్నదా?" అని గిన్నె పట్టుకున్నామె అడిగింది.

"అరె, నాదేం లేదమ్మా!"

"మరి నూనె మీరెందుకు మోస్తున్నరు?"

దానికి జవాబు చెప్పాలంటే టింగ్ దగ్గర్నుంచి చెప్పాలి. సిద్ధిరాములు డబ్బా దించి, తాళంకప్ప అక్కడే మరిచి వెళ్ళిపోయాడు. గోపయ్య నూనె వెచ్చబెట్టి, మిగిలిన రెండు పట్టీలూ ముంచి, మొత్తం అయిదు కత్తులు అండాలమ్మ చేతిలో పెట్టాడు.

"ఆరోది సెక్రటరీతోని పంపియ్యన్నా. మోసుడు మంచిగనే వస్తున్నది ఆయనకు" అంది అండాలమ్మ.

సాయంత్రానికి కాలనీ గ్రూపులో 'సెక్రటరీ గారి బజ్జీల దుకాణం' అని, నూనె డబ్బా మోస్తున్న ఆయన ఫొటో వచ్చింది. గోపయ్య దాని కింద ఈరమ్మ చేత ఒక్క ముక్క రాయించాడు: ఆదివారం సెలవు.