ఆరు కిటికీల హరితగృహం

మా వీధి సంక్షేమ సంఘం ఈ ఏడాది "ఉత్తమ పెరటి సాగుదారు" బిరుదును పెద్దగుమాస్తాగారికి ప్రదానం చేసిందని, సంఘం కార్యదర్శిగా, తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. పోటీలో పాల్గొన్నవారు ఆయన ఒక్కరే కావడం వల్ల ఎంపికలో పక్షపాతానికి ఎక్కడా తావు లేకపోయింది. అయినా కొందరు గిట్టనివాళ్లు వీధి చివర నిలబడి ఏవేవో అంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పెద్దగుమాస్తాగారు ముప్పై నాలుగేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, ఎన్నో పనులు జరగకుండా చూసి, పోయిన ఏడాది గౌరవంగా రిటైరయ్యారు. మొదటి వారం ఇంట్లో ఉన్న చెంచాలన్నిటికీ నంబర్లు వేశారు. రెండో వారం ఏమీ తోచలేదు. మూడో వారం పెరట్లో గాజుతో ఇల్లు కట్టి, ఎండావానలతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా టమాటాలు పండించాలని సంకల్పించారు. దానికి హరితగృహం అని పేరు పెట్టారు. వీధిలో పామరులు గాజుకొట్టం అంటారు.

ఎవరి పెరట్లో వాళ్లు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని మా అధ్యక్షులవారు చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. అనుమతి లేకుండా పని మొదలుపెట్టడం ఆయన ఒంటికి పడదు. అందుకని తనకు తానే దరఖాస్తు పెట్టుకున్నారు. దాన్ని నాలుగు రోజులు బల్లమీద నానబెట్టి, నకలు జతపరచలేదని వెనక్కి పంపుకున్నారు. నకలు జతపరిచి మళ్లీ పెట్టుకున్నారు. పదకొండో రోజున "షరతులకు లోబడి" మంజూరు చేసుకుని, ఆ సంతోషంలో నాకు కాఫీ ఇప్పించారు.

కాఫీ తెచ్చింది ఆయన భార్య. ఆమెను వీధంతా మిషనక్క అంటుంది. ముందుగదిలో తూర్పు కిటికీ దగ్గర కాలిమిషను వేసుకుని పద్దెనిమిదేళ్లుగా కుడుతోంది. మా ఇళ్లల్లో ఆమె చెయ్యి పడని చొక్కా లేదు. ఆ నెలలోనే బడివాళ్లు అరవై జతల యూనిఫారాలు ఆమెకు ఒప్పజెప్పారు. ముదురు నీలం గుడ్డ, ముదురు నీలం దారం, బడి తెరిచే రోజుకి ఇచ్చెయ్యాలి. అంత పెద్ద పని ఆమె చేతికి రావడం అదే మొదలు. సరిగ్గా ఇస్తే ఇక ప్రతి ఏడూ నీకేనని హెడ్మాస్టరమ్మ మాట ఇచ్చింది. ఆ మాట మిషనక్క నాకు రెండుసార్లు చెప్పి మురిసిపోయింది.

హరితగృహానికి చెక్క ఉంది, మేకులున్నాయి, వడ్రంగి ఉన్నాడు. వడ్రంగి అంటే పరాయివాడు కాదు, మిషనక్క తమ్ముడే. గాజు మాత్రం లేదు. బజారుకెళ్లి కొనడం పెద్దగుమాస్తాగారి దృష్టిలో చేతకానివాళ్ల పద్ధతి. ఒక ఉదయం ఇల్లంతా తనిఖీ చేసి, కావలసిన గాజు "శాఖలోనే నిల్వ ఉన్నట్టు" ఆయన కనిపెట్టారు. ఇంటికి ఆరు కిటికీలున్నాయి.

ముందు సామాన్లగది కిటికీ పోయింది. సామాన్లకు చూపుతో పనేమిటన్నారు. తరువాత వంటింటిది. ఆ తరువాత పడకగదివి రెండూ, కళ్లు మూసుకుని పడుకునేచోట వెలుతురు దుబారా అని. హాలు కిటికీ పెకలిస్తుండగా బావమరిది ఉండబట్టలేకపోయాడు.

"బావా, ఇల్లంతా చీకటైపోతోంది. అక్క ఎలా కుడుతుంది?"

"ఆవిడకి తూర్పు కిటికీ ఉందిగా!" అన్నారు.

మర్నాడు తూర్పు కిటికీ విప్పారు. రెండు రెక్కలది, నిలువెత్తుది. హరితగృహం కప్పుకి కొలిచి చేయించినట్టు సరిపోతుందని ఆయన ముందే కొలుచుకున్నారు. మిషనక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏమండీ, ఇదొక్కటీ వదిలెయ్యండి. నీలం మీద నీలం దారం. ఈ వెలుతురు లేకపోతే కుట్టు ఎక్కడ పడుతోందో కూడా తెలీదు నాకు."

"లైటు వేసుకో."

"లైటు వేస్తే నీడ నా చేతి మీదే పడుతుందండీ."

"అయితే చెయ్యి పక్కకి పెట్టుకో," అని ఆయన సలహా ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఊరికే పోతుందా!

కిటికీలున్న చోట అట్టలు బిగించారు. వచ్చేపోయేవాళ్లకి లోటు తెలియకూడదని ఆ అట్టల మీద స్వహస్తాలతో కిటికీల బొమ్మలు గీశారు. వంటింటి కిటికీకి ఒక పిట్టను కూడా గీశారు. ఆ ఇంట్లో పగలంతా లైట్లు వెలుగుతూ ఉండేవి, పెరట్లో టమాటా మొక్కలు మాత్రం ఆరు కిటికీల వెలుతురులో హాయిగా కాళ్లు చాపుకుని పెరిగాయి.

తోట నిర్వహణ గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను. ప్రతి మొక్కకూ ఒక నంబరు, ప్రతి ఉదయం హాజరు. మూడో నంబరు మొక్క ఆశించినంత ఎదగడం లేదని దాన్ని తూర్పు మూలకు బదిలీ చేశారు. అక్కడా పనితీరు మెరుగుపడలేదని పడమటికి వేశారు. నాలుగో బదిలీలో అది ప్రాణం వదిలింది. పురుగూ పుట్రా రాకుండా సందులన్నీ గుడ్డపీలికలతో కుక్కి, తలుపుకి "సంబంధిత సిబ్బందికి మాత్రమే ప్రవేశం" అని బోర్డు తగిలించారు. తేనెటీగలు చదువుకున్నవి కావుగానీ తలుపు మూసి ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? కాసేపు గాజుకి కొట్టుకుని, పక్కింటి పాదుల మీదకి పోయేవి.

పూలు విరగబూశాయి. నాలుగు రోజులకి రాలిపోయాయి. మళ్లీ పూశాయి, మళ్లీ రాలాయి. ఒక్క పిందె పడలేదు. మొక్కలన్నిటికీ కలిపి ఒక సంజాయిషీ నోటీసు తలుపు లోపలివైపు అంటించారు, అవి చదువుకునే వీలుగా. అధ్యక్షులవారు స్వయంగా వచ్చి చూసి, అక్కడికక్కడే ప్రసంగించారు.

"కాయలు ఎవరైనా కాయిస్తారు. కాయ మీద ఆశే పెట్టుకోకుండా కేవలం పూలు పూయించడం, అదీ గొప్పతనం! అది మన పెద్దగుమాస్తాగారికే చెల్లింది."

మేమంతా చప్పట్లు కొట్టాం. చప్పట్ల చప్పుడుకి మరికొన్ని పూలు రాలాయి.

ఇంట్లో మాత్రం పని అంత సజావుగా సాగలేదని ఒప్పుకోవాలి. మిషనక్క ఒక నిక్కరుకి జేబు తిరగేసి కుట్టింది. ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి. సూది రెండుసార్లు వేల్లో దిగింది. హెడ్మాస్టరమ్మ నాలుగు జతలు వెనక్కి పంపి, మిగతావి కూడా ఇలాగే ఉంటే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానని కబురు చేసింది. ఆ సాయంత్రం నేను చొక్కా గుండీ కుట్టించుకుందామని వెళ్లేసరికి, ఆమె బొమ్మ కిటికీ ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. నాకు నిజంగానే జాలేసింది. జాలిపడడానికి సంఘం నియమావళిలో ఏర్పాటు లేనందువల్ల గుండీ కుట్టించుకుని వచ్చేశాను.

మర్నాడు ఆమె తమ్ముణ్ని పిలిచి, మిషను మోయించుకుని, వెలుతురు ఎక్కడుందో అక్కడికే వెళ్లింది. పెద్దగుమాస్తాగారు తలుపు దగ్గర ఆపారు. ఇరవై నిమిషాల వాదన తరువాత ఆమెకు "తాత్కాలిక ప్రవేశ పత్రం" జారీ అయింది. మొక్కల బల్లకి ఆనించి మిషను వేసుకోవాలి, మొక్కలతో మాట్లాడకూడదు, తలుపు తెరిచి ఉంచకూడదు. లోపల ఉక్కపోత. తడితువ్వాలు నెత్తిన వేసుకుని, పొద్దున్నుంచి పొద్దువాలేదాకా ఆమె తొక్కుతూనే ఉండేది. కుట్టు మళ్లీ తిన్నగా పడింది. హెడ్మాస్టరమ్మ పంపిన నాలుగు జతలూ విప్పి కుట్టి ఇచ్చేసింది.

పది రోజులకి మిషను పక్కనున్న బల్ల మీది మొక్కలన్నిటికీ పిందెలు పడ్డాయి. దూరంగా ఉన్న బల్ల మీద ఒక్కటీ లేదు. పెద్దగుమాస్తాగారు దీన్ని తన నోటీసు ప్రభావంగా గుర్తించి మమ్మల్నందరినీ పిలిచారు. మేం వెళ్లేసరికి కుండీలు అమ్మే నర్సరీ అతను కూడా అక్కడే ఉన్నాడు. అతనికి మర్యాద తెలియదు.

"నోటీసు కాదండీ," అన్నాడు. "టమాటా పువ్వుకి ఊపు కావాలి. గాలో, తేనెటీగో ఊపితే పుప్పొడి రాలి పిందె పడుతుంది. ఇక్కడ గాలీ లేదు, ఈగా లేదు. అమ్మగారి మిషను బల్లని అదరగొడుతోంది చూడండి. మీ కాయలన్నీ అమ్మగారి కాళ్ల చలవేనండీ."

అందరం విన్నాం. మిషనక్క మొదటిసారి తలెత్తి మొక్కల వంక చూసి నవ్వింది. పెద్దగుమాస్తాగారు ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచన మర్నాటికల్లా రాతపూర్వకంగా ఆమె మిషను మీద ఉంది. కుట్టుమిషను తోటకు ఉపయోగకరమని తేలినందున దానిని హరితగృహం సామగ్రిలో చేర్చడమైనది. అయితే దారప్పోగులు ఆకుల మీద పడి శుభ్రతకు భంగం కలుగుతున్నందున, ఇకపై మిషనును గుడ్డ లేకుండా తొక్కవలెను. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు.

"గుడ్డ లేకుండా తొక్కడానికి నాకేమైనా పిచ్చా?" అంది మిషనక్క. "ఇంకా పద్దెనిమిది జతలున్నాయి. బడి తెరవడానికి పన్నెండు రోజులే ఉంది."

"తోట కోసం అనుకో. అయినా తొక్కడం నీకు అలవాటేగా!" అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా.

సన్మానం ఆ ఆదివారమే, వాళ్ల పెరట్లోనే. కాయలు ఇంకా నిమ్మకాయంతే ఉన్నాయి, పచ్చిగానే ఉన్నాయి. పండేదాకా ఆగితే అవి నిలుస్తాయో లేదోనని సంఘం తొందరపడింది. అధ్యక్షులవారు ముప్పావుగంట మాట్లాడారు. పట్టుదల అన్నారు, క్రమశిక్షణ అన్నారు, ఒంటిచేత్తో సాధించిన విజయం అన్నారు. జ్ఞాపిక ఇచ్చారు. అప్పుడు మిషనక్క లేచింది.

"అన్నయ్యగారూ, నర్సరీ అతను చెప్పినప్పుడు మీరంతా ఇక్కడే ఉన్నారు. నాకు బిరుదూ వద్దు, ఏమీ వద్దు. ఆ గాజుకొట్టం కప్పుకి బిగించిన రెండు రెక్కలూ నా కిటికీవి. అవి నాకిప్పించండి. నా పని నేను చేసుకుంటాను."

అందరి ఒంటి మీదా ఆమె కుట్టిన బట్టలే. నేను కూడా, ఆ గుండీ ఉన్న చొక్కాలోనే, తల వంచుకుని కూర్చున్నాను. సన్మానం పొందిన కట్టడంలోంచి గాజు ఊడదీస్తే సంఘం పరువు పోతుందని, విషయం వచ్చే సమావేశంలో పరిశీలిస్తామని అధ్యక్షులవారు సెలవిచ్చారు. సమావేశపు పుస్తకంలో నేనిలా రాశాను: "చివరగా సాగుదారుగారి సతీమణి వందన సమర్పణ చేయగా సభ ఆనందంగా ముగిసినది." కింద ఇరవై మూడు మంది సంతకాలు పెట్టారు. ఎవరూ చదివి పెట్టలేదు.

ఆ మర్నాడే తమ్ముడు తన కొట్టులోని పనిబల్లను వీధిలోకి లాగేసి, రంపపు పొట్టు ఊడ్చి, తలుపులు బార్లా తెరిచి ఆ చోట్లో అక్క మిషను వేశాడు. ఇది కుటుంబ వ్యవహారం కాబట్టి సంఘం జోక్యం చేసుకోలేదు. బడి తెరిచిన రోజున అరవైమంది పిల్లలు నీలం బట్టలు వేసుకుని మా వీధిలోంచే వెళ్లారు. జేబులన్నీ సరైన వైపునే ఉన్నాయి. వచ్చే ఏడు కూడా పని ఆమెకే ఇచ్చారట. ఆమె రోజూ పొద్దున్నే కొట్టుకి వెళ్లి, చీకటిపడ్డాక చీకటింటికి వస్తోంది.

హరితగృహంలో పూలు మళ్లీ రాలుతున్నాయి. బిరుదు పొందిన తోట కాయకపోతే మాట సంఘానికే వస్తుంది గనక, పెద్దగుమాస్తాగారు నిన్న పొద్దున మా ఇంటికి వచ్చి, బల్లను అదరగొట్టడానికి ఏదైనా యంత్రం దొరుకుతుందా అని అడిగారు. కార్యదర్శిగా అది నా బాధ్యత. మా వంటింట్లో మిక్సీ ఉంది, మంచి చప్పుడు చేస్తుంది. వెంటనే తీసి ఆయన చేతిలో పెట్టాను.

మీ ఆవిడని అడిగావా అని మీరు అడగబోతున్నారు, నాకు తెలుసు. మీరెప్పుడైనా అడిగారా?