కండె కంపెనీ స్వాధీనం

ప్రజాప్రయోజనం దృష్ట్యా కండె కంపెనీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటున్నదని చిన్ననీటి వనరులు, కంప్యూటర్ల శాఖల మంత్రిగారు కరీంనగర్‌లో ప్రకటించినప్పుడు చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. కండె అంటే ఏమిటో ఆ సభలో ఇద్దరికే తెలుసు. ఒకరు దాన్ని తయారుచేసిన పర్శరాములు, మరొకరు దాంతో పనిచేసే దేవకి. మంత్రిగారికి తెలియదు. తెలియకపోయినా దాని మీద గంటసేపు మాట్లాడారు. పెద్దవాళ్లు ఊరికే పెద్దవాళ్లు కారు.

“ప్రోగ్రామర్ సోదరులారా, ఇయ్యాల్టి సంది మీకు ఏ ఫికరూ లేదు. కంపెనీ పేరు మారదు. పని మారదు. మారేది ఒక్క ఓనరే. ఓనరంటే ఎవరు? సర్కారు. సర్కారంటే ఎవరు? ప్రజలు. ప్రజలంటే ఎవరు?”

ఆయన ఊపిరి కోసం ఆగారు. ముందు వరసలోని కార్యకర్తలు ఆయన పేరు చెప్పి జై కొట్టారు.

పర్శరాములు తప్ప ప్రోగ్రామర్ సోదరులెవరూ సభకు రాలేదు. సోదరి ఒకతె ఉంది. వెనక వరసలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. చప్పట్లు కొడదామంటే డబ్బా జారుతుందని ఊరుకుంది గానీ, దేవకి ఆ రోజు నిజంగానే సంతోషించింది.

నేతపనిలో నూలు చిక్కుపడకుండా చుట్టుకునే పుల్లను కండె అంటారు. పర్శరాములు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ప్రోగ్రాం రాసేవాళ్లకూ అలాంటిది ఒకటి కావాలని అతనికి తోచింది. తోచినదాన్ని కొన్నేళ్లు కూర్చొని తయారుచేశాడు. రాసిన ప్రోగ్రాం చిక్కుపడకుండా కండె చూసుకుంటుంది, తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తుంది, చివరికి తెలుగులో అచ్చు తీస్తుంది. కరీంనగర్‌లో సైకిల్ దుకాణం మీది గది అతని కంపెనీ. దొంగలు కాపీ కొట్టకుండా ఒక ఉపాయం కూడా చేశాడు. మూల ఫ్లాపీ ఒక్కటే ఉంటుంది. అది మిషన్‌లో పెడితేనే కండె తిరుగుతుంది. ఇంతవరకు ఏ దొంగా అటు రాలేదు. కొనేవాళ్లూ రాలేదు. గది కిరాయి ఎట్లా కడుతున్నాడో దేవకి అడగలేదు, అతను చెప్పలేదు.

దేవకిది పెద్దపల్లి అవతల కొత్తకుంటపల్లె. కాలువ నీటి సంఘంలో ఉద్యోగం. కాలువ నీళ్లు ఏ ఊరికి ఏ రోజు వదలాలో వంతుల పట్టిక తయారుచేసే ప్రోగ్రాం ఆమెదే. కిందటేడు మంత్రిగారు కంప్యూటర్ నీళ్లను ప్రారంభించారు. అప్పటినుంచి గేట్లెత్తే లష్కర్లు కంప్యూటర్ కాగితం లేకుండా తాళం తీయరు. సంఘానికి సొంత మిషన్ లేదు కాబట్టి దేవకి బస్సెక్కి పర్శరాములు గదికి వచ్చి పని చేసుకుంటుంది. ఈ యాసంగి పంటకాలానికి కాలువ చివరన కొత్తగా రెండు ఊళ్లు కలిశాయి. వాటిలో ఒకటి కొత్తకుంటపల్లె. పట్టిక మొత్తం తిరగరాయాలి. ఆమె తండ్రి రాయమల్లు కాలువను నమ్మి అప్పుడే నారు పోశాడు. చేదబావి నీళ్లు బిందెలతో మోసి నారుమడిని బతికిస్తున్నాడు. నారైతే బిందెలతో బతుకుతుంది. పొలం దున్ని నాటు వేయాలంటే కాలువే రావాలి.

అందుకే దేవకి సంతోషం. పర్శరాములన్న ఆకలికి తట్టుకోలేక ఏదో ఒకరోజు గదికి తాళం వేస్తాడేమోనని ఆమె భయం. ఇక సర్కారే ఓనరు. తాళం పడదు.

కంప్యూటర్ పనిముట్ల కంపెనీని ఎట్లా స్వాధీనం చేసుకోవాలో ఏ ఆఫీసు నిబంధనల్లోనూ లేదు. భూమిని ఎట్లా స్వాధీనం చేసుకోవాలో ఉంది. ఫైలు నాలుగు బల్లలు తిరిగి, చివరికి భూసేకరణ అధికారి సుదర్శన్‌రావుగారి దగ్గరికి చేరింది. కాలువలకని, బొగ్గు బావులకని ఎన్నో ఊళ్లు తీసుకున్న చేయి ఆయనది. ఏనాడూ వణకలేదు. కంపెనీ అంటే భూమి కాదని ఆయనకు తెలుసు. తెలిసినా, రూలు లేని పనిని రూలు ఉన్న పద్ధతిలో చేయడమే పరిపాలన అని ఆయన నమ్మకం.

సర్వేయర్ గొలుసు భుజాన వేసుకొని మెట్లెక్కాడు. వెనక సుదర్శన్‌రావుగారు వచ్చారు. పర్శరాములు కుర్చీ దులిపి వేశాడు. దేవకి మిషన్ ముందు నుంచి లేచి నిలబడింది.

“సర్వే నంబర్ చెప్పు.”

“ఇది మేడమీది రూం సార్. కింద సైకిల్ దుకాణం” అన్నాడు పర్శరాములు.

“ఎత్తు ప్రదేశం అని రాసుకో” అన్నారు సుదర్శన్‌రావుగారు సర్వేయర్‌తో. “తరియా, ఖుష్కియా?”

నీళ్లు పారే భూమి తరి, వాన మీద ఆధారపడేది ఖుష్కి. పర్శరాములు మిషన్ వైపు చూశాడు.

“కరెంటు మీద నడుస్తది సార్.”

“కరెంటు పోతే?”

“ఆగిపోతది.”

“అంటే దేవుని మీద ఆధారం. ఖుష్కి.”

దేవకికి అన్యాయం అనిపించింది. “దీనితోటే గదా సార్, కాలువ నీళ్లు పారేది” అంది.

సుదర్శన్‌రావుగారు కాసేపు ఆలోచించారు. న్యాయం తెలిసిన మనిషి. “గట్లయితే తరి. పరిహారం ఎక్కువొస్తది. పర్శరాములూ, గీ పిల్లకు దండం పెట్టుకో. చెట్లేమన్న ఉన్నయా?”

కిటికీలో సీసాలో పెట్టిన మనీప్లాంట్‌ను సర్వేయర్ చూపించాడు.

“పండ్లు కాస్తదా?”

“కాయది సార్.”

“కలప కింద రాయి.”

ఆయన దృష్టి మిషన్ మీద పడింది. తెర మీద ఆకుపచ్చటి అక్షరాలు వరసలుగా నిలబడి ఉన్నాయి.

“ఇదేంది?”

“నా ప్రోగ్రాం సార్. యాసంగి వంతులు. సగమైంది.”

“అంటే భూమి మీద పంటున్నది.” ఆయన గొంతు మెత్తబడింది. “పంటున్న భూమి తీసుకునుడు నాకు మనసొప్పదమ్మా. కాని నోటీసు పడ్డంక కోత కొయ్యద్దు, నాటు వెయ్యద్దు.”

“కోత గాదు సార్. పూర్తి చేసి అచ్చు తీసుకుంట, అంతే.”

“అదే కోత.”

ఆ తర్వాత మట్టి నమూనా తీయాల్సి వచ్చింది. సర్వేయర్ గది నాలుగు మూలలూ చూశాడు. పర్శరాములు తల్లి పొద్దున్నే వచ్చి ఊడ్చిపోయిన గది అది, దుమ్ము కూడా లేదు. సుదర్శన్‌రావుగారు మిషన్‌లోంచి ఫ్లాపీని బయటికి తీయించి, చెవి దగ్గర పెట్టి ఊపి చూశారు.

“అంతా దీంట్లనే ఉన్నదా?”

“ఔ సార్, అదే మూలం. అది లేకుంటే మిషన్ కదలది” అన్నాడు పర్శరాములు కంగారుగా.

“మూలం దగ్గరి మట్టే తియ్యాలె. కదలకుంటే ఏమాయె? భూమి ఎటన్న కదుల్తదా?”

ఫ్లాపీని గుడ్డసంచిలో కట్టి లక్కముద్ర వేశారు. తర్వాత గదికి తాళం వేసి దానికీ వేశారు.

దేవకి మెట్ల మీద కూర్చుండిపోయింది. పర్శరాములు ఆమె పక్కన కూర్చున్నాడు. అతని మొహంలో దిగులు లేదు.

“నీకు తెల్వది చెల్లె. భూమి వోయినోళ్లకు ఇంటికో నౌకరిస్తరు. సర్కారు నౌకరి. మా అవ్వ ఇగ బీడీలు చుట్టుడు బంద్ చేస్తది.”

“నా పట్టిక ఎట్ల అన్నా?”

“మంత్రి చెప్పలేదా? పని మారదన్నడు గదా. జర ఆగు.”

దేవకి ఆగింది. ఆగడం ఆమెకు చిన్నప్పటినుంచి అలవాటే. అభ్యంతరాలు చెప్పుకునే రోజు రాగానే మాత్రం అందరికన్నా ముందు ఆఫీసుకు పోయింది. అందరికన్నా ముందు అంటే, ఆమె తప్ప ఇంకెవరూ రాలేదు.

“ఆ కంపెనీల నీకు వాటా ఉన్నదా?” అడిగారు సుదర్శన్‌రావుగారు.

“లేదు సార్.”

“మరి నీ అభ్యంతరమేంది?”

“నేను దాంతోటి పని చేసుకుంటున్న సార్. అది లేకుంటే నా పని నడువది.”

“అంటే ఒకరి భూమిల నువ్వు పంట తీస్తున్నవు. కౌలుదారువు. కౌలుదారుకు పరిహారం రాదమ్మా, మంచిదానివి గనుక ముందే చెప్తున్న.”

“పరిహారం వద్దు సార్. నారు ముదిరిపోతున్నది.”

“నారెక్కడిది?”

“మా బాపు పొలంల.”

“ఆ పొలాన్ని మేం తీసుకుంటలేం గదా?” ఆయన ఆశ్చర్యపోయారు. “తీసుకోని పొలం మీద అభ్యంతరం చెప్పిన మనిషిని ఇన్నేండ్ల సర్వీసుల నిన్నే చూస్తున్న.”

ఆమెకు చాయ్ తెప్పించారు. ఆయనలో ఆ గుణం ఉంది.

నిలబడిన పంటను వేలం వేయాలని రూలు. వేలానికి ఆదిలాబాద్ అడవుల్లో బీడీ ఆకు గుత్త పట్టే కాంట్రాక్టర్ ఒక్కడే వచ్చాడు. మంత్రిగారి బామ్మర్ది కావడం వల్ల రెండోవాడు రావాల్సిన అవసరం కలగలేదు. పాట గెలిచి, పంట ఎక్కడుందని అడిగాడు. సర్వేయర్ తెర చూపించాడు. కాంట్రాక్టర్ తెర ఒక్కటే ఊడదీయించి జీపులో వేసుకొని పోయాడు. ఇంటికి పోయాక అందులో పంట కనిపించలేదట. తనను మోసం చేశారని సర్కారు మీద కేసు వేశాడు. కంపెనీని కోర్టు ఆస్తిగా పరిగణించి తాళం మీద ఇంకో ముద్ర వేశారు.

మట్టి పరీక్ష ఫలితం కూడా వచ్చింది. నత్రజని తక్కువ, భాస్వరం అసలే లేదు, వరికి పనికిరాదు.

“చూసినవా, నీ మాట విని తరి అని రాసిన. ఇప్పుడు ఖుష్కి అని దిద్దాలె” అన్నారు సుదర్శన్‌రావుగారు నొచ్చుకుంటూ.

“ఆ ఫ్లాపీ వాపస్ ఇప్పియ్యుండ్రి సార్.”

“నమూనా వాపస్ రాదమ్మా. కత్తిరించి, దంచి, నీళ్లల్ల కలిపితెనే గదా పరీక్ష.”

దేవకి ఆ సాయంత్రమే ఊరికి పోయి, తెలిసిన లెక్కనంతా గుర్తు తెచ్చుకొని పట్టికను చేత్తో రాసింది. గేటు దగ్గర లష్కర్ హనుమండ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అక్షరాలు ముత్యాలే బిడ్డా. కాని కాయితానికి పక్కల బొక్కలు లేవు.”

“లెక్క సరిగున్నదా లేదా చూడు కాకా.”

“లెక్క నేను సూడ. బొక్కలు సూస్త. బొక్కలుంటె మిషన్ కాయితం, లేకుంటె మనిషి కాయితం.”

“నీళ్లు మనుషులకే గదరా పారేది” అన్నాడు బిడ్డ వెంట వచ్చిన రాయమల్లు.

“పారేది మనుషులకే రాయమల్లన్నా. ఎత్తుమనేది మిషన్. నన్ను సస్పెండ్ చేస్తె నీ పొలంల కూలికి వెట్టుకుంటవా?”

పొలంలో నీళ్లు లేవు కాబట్టి కూలి కూడా లేదు.

కాలువ నిండా వచ్చిన నీళ్లు చివరి ఊళ్ల గేట్ల దాకా వచ్చి, అక్కడినుంచి పక్కవాగులోకి పోయాయి. కిందటేటి పట్టికలో లేని ఊళ్ల పొలాల్లోకి ఒక్క చుక్క కూడా వృథాగా పోలేదని అధికారులు నివేదిక పంపారు. కంప్యూటర్ వల్ల చివరి ఊళ్లలో నీటి దుబారా పూర్తిగా అరికట్టగలిగామని మంత్రిగారు మరో సభలో ప్రకటించారు. ఈసారి చప్పట్లు ఇంకాసేపు మోగాయి.

అదే సభలో నిర్వాసితుడికి ఉద్యోగపత్రం ఇచ్చారని పేపర్లో పడింది. ఫొటోలో మంత్రిగారే కనిపించారు. ఆయన చేతిలో కాగితం, కాగితం అవతల ఎవరిదో చేయి. నిర్వాసితుడి అర్హతలకు తగిన ఉద్యోగం వెతకడానికి అధికారులు చాలా శ్రమపడ్డారని రాశారు. హనుమండ్లుకు జైనూరు అడవుల దిక్కు బదిలీ అయింది. అక్కడ కాలువ రావలసి ఉంది, లష్కర్ ముందుగా చేరాడు.

కొత్త లష్కర్ వచ్చే రోజున రాయమల్లు గడ్డపార పట్టుకొని గేటు దగ్గరికి నడిచాడు. నారు మోకాలెత్తు దాటింది. ఇంకో వారం అయితే పీకి నాటినా గింజ పట్టదు. కొత్తవాడు మాట వింటే సరి, లేకపోతే తాళం ఉండదు అని ఇంట్లో చెప్పే బయలుదేరాడు. దేవకి వెంట పోయింది.

కట్ట మీద సైకిల్ వచ్చింది. మడతలు పోని ఖాకీ చొక్కా వేసుకొని పర్శరాములు దిగాడు.

దేవకికి ఎన్నో రోజుల తర్వాత నవ్వొచ్చింది. “అన్నా, నువ్వా? మంచిగైంది. ఎత్తు గేటు.”

పర్శరాములు కూడా నవ్వాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్ని చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“కాయితం తెచ్చినవా చెల్లె?”

“ఏం కాయితం?”

“కండె కాయితం.”

దేవకి అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. “కండె నీదే గదా అన్నా.”

“నాదుండె. ఇప్పుడు సర్కారుది. సర్కారుదాని గురించి నేనెట్ల మాట్లాడుదు?”

“ఏ దినం ఏ ఊరిదో నీకు తెల్వదా? ఆ మిషన్‌కు తెలుగు నేర్పిందే నువ్వు.”

“తెలుసు. ఇయ్యాల మీ ఊరిదే.” అతను కాలువ వైపు చూశాడు. “నోటిమాట మీద గేటెత్తితే నౌకరికెల్లి తీసేస్తరు. నిన్ననే సంతకం వెట్టిన.”

“జరుగు బిడ్డా” అన్నాడు రాయమల్లు. గడ్డపార రెండు చేతులా పట్టుకొని తాళం ముందుకు పోయాడు.

పర్శరాములు అడ్డం రాలేదు. పక్కకు జరిగి చోటిచ్చాడు.

“పలగ్గొట్టు కాకా. నేనేమన. నీ పేరు గూడ చెప్ప. కాని తాళం వోతే నౌకరి వోతది. మా అవ్వ బీడీల తంబాకు ముట్టక నెల గాలే.”

గడ్డపార పైకి లేచింది. లేచినది కాసేపు అట్లాగే ఉంది. రాయమల్లు ఆ కొత్త చొక్కాను, దాని ఇత్తడి గుండీలను చూశాడు. తర్వాత గడ్డపారను మెల్లగా దించి కట్టకు ఆనించాడు.

“మీ అవ్వకు పానం మంచిగున్నదా?”

“ఉన్నది కాకా. దగ్గు తక్కువైంది.”

“మంచిది.”

“దరఖాస్తు వెట్టుండ్రి” అన్నాడు పర్శరాములు వాళ్ల వెనకనుంచి. “నేను గట్టిగ సిఫారసు రాస్త చెల్లె.”

రాయమల్లు పొలం దాకా నడిచాడు. నారుమడి చుట్టూ వేసిన ముళ్లకంపను ఒకపక్క లాగి, బర్రెలను లోపలికి తోలాడు. అవి తల దించి, తొందర లేకుండా, ఒక చివరనుంచి మేయడం మొదలుపెట్టాయి. వాటిని కాగితం ఎవరూ అడగలేదు.