అమ్మాజీ జున్ను ప్రైవేట్ లిమిటెడ్

"నెల తిరిగేసరికి రేపల్లె బస్టాండు దగ్గర బండి అనేది కనపడకూడదు. అన్నీ కంపెనీలే కనపడాలి!" అని చిన్న వ్యాపారాల మంత్రిగారు ప్రకటించారు. ఎంత గొప్ప మాట! బస్టాండు ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టుకున్న నేను, అంటే ఈ వరప్రసాదం, చప్పట్లు కొట్టినవాళ్ళలో మొదటివాణ్ణి. ఇరవై బండ్లు ఇరవై కంపెనీలైతే ఎన్ని జెరాక్సులు కావాలో మీరే ఊహించుకోండి.

ఈ మహాకార్యాన్ని పార్టీ కార్యకర్త బసవేశ్వరరావు గారికి అప్పగించారు. ఆయనకి తెనాలిలో రెండంతస్తుల మేడ ఉంది. చేతిలో రెండు ఫోన్లున్నాయి. ఇంతకంటే అర్హతలేం కావాలండీ? ఆయన మొట్టమొదట అమ్మాజీ అక్కయ్య జున్ను బండి దగ్గర ఆగారు. అక్కయ్య పద్దెనిమిదేళ్ళుగా బస్టాండు గేటు పక్కన, అదే చోట జున్ను అమ్ముతోంది.

"అమ్మా, ఇవాళ్టినుంచీ మీరు మేనేజింగ్ డైరెక్టరు."

"నాకెందుకండి బాబూ అవన్నీ? కంపెనీ అయితే నా బండిని ఇక్కణ్ణించి లేపరుగా?"

"లేపడమా? కంపెనీ మీద చెయ్యేసే మగాడు పుట్టాడా అమ్మా!"

ఆ ఒక్క మాటకే అక్కయ్య ఒప్పుకుంది. ఏడాదికి నాలుగుసార్లు ఎవరో ఒకరు వచ్చి "లే, లే" అనడం, ఆవిడ కాళ్ళావేళ్ళా పడటం నేను చూస్తూనే ఉన్నాను.

కాగితాలు నా షాపులోనే తయారయ్యాయి.

"రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడమ్మా?"

"ఇదేనండి. ఈ కరెంటు స్తంభం పక్కన."

"కరెంటు బిల్లు కావాలి."

"స్తంభానికి బిల్లెక్కడిదండి!"

బసవేశ్వరరావు గారి మనసు వెన్న. తెనాలిలో తన మేడ మీది గదినే ఆఫీసుగా రాయించేశారు. ఇద్దరు డైరెక్టర్లుండాలని రూలు అడ్డొస్తే, రెండో డైరెక్టరు ఆయనే అయిపోయారు. బండి, స్టవ్వు, గిన్నెలు, బేసిన్లు అన్నిటినీ కంపెనీ ఆస్తుల్లో చేర్చారు.

"ముడిసరుకు ఎలా వస్తుంది?"

"భట్టిప్రోలు వైపు ఎవరి గేదె ఈనితే వాళ్ళు ఫోన్ చేస్తారండి."

"సప్లై చైన్" అని రాసుకున్నారాయన. చదువంటే అదీ.

ఇరవై కంపెనీల్లోనూ ఆయనే రెండో డైరెక్టరు. ఒక మనిషి ఇరవైకి మించి కంపెనీల్లో ఉండకూడదని చట్టం చెబుతుందని తెలిసినప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. బోర్డు మీటింగులు బాపట్ల సముద్రం ఒడ్డున ఏసీ హాల్లో జరిగాయి. ఆ రోజు చెరుకుపల్లిలో గేదె ఈనడంతో అక్కయ్య వెళ్ళలేదు. మినిట్స్‌లో మాత్రం వెళ్ళింది. ఆయన ఒక్కరే ఇరవై మీటింగులూ భోజనాల వేళకి ముగించారు. తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

మంత్రిగారి చేతుల మీదుగా సర్టిఫికెట్లిచ్చే రోజు రానే వచ్చింది. సభ బస్టాండు దగ్గరే. వేదికకి చోటు కావాలి కదా, పొద్దున్న ఆరింటికే లారీ వచ్చి ఇరవై బండ్లనీ ఎత్తుకుపోయింది. అక్కయ్య నా షాపు మెట్ల మీద కూలబడి, "తమ్ముడూ, నా బండిరా" అని ఏడ్చింది. ఏం చెయ్యను, ఇంతలో సైరన్లు మోగాయి.

వేదిక మీద సర్టిఫికెట్టు అందుకుంటూ అక్కయ్య మైకులోనే అడిగేసింది.

"సార్, నా బండెక్కడండి?"

"విన్నారా!" అన్నారు మంత్రిగారు. "నిన్న బండి! నేడు, బండెక్కడని వెతుక్కునే స్థాయికి ఎదిగింది!"

చప్పట్లు మారుమోగాయి. మంత్రిగారు చేయెత్తి చూపించారు. నిజమే, బస్టాండు దగ్గర ఒక్క బండి లేదు. అన్న మాట నిలబెట్టుకోవడమంటే ఇదే.

మర్నాడు అక్కయ్య నన్ను వెంటబెట్టుకుని, బండ్లు పెట్టిన మున్సిపాలిటీ గోడౌనుకి వెళ్ళింది. అక్కడి ఇన్‌ఛార్జి నరసింహం గారు రూలు తప్పని మనిషి.

"బండి కంపెనీది. మీకెలా ఇస్తామమ్మా?"

"నేనేగదండీ కంపెనీ!"

"కాదు. చట్టప్రకారం మీరు వేరు, కంపెనీ వేరు. బోర్డు తీర్మానం తెండి."

బసవేశ్వరరావు గారికి ఫోన్ చేశాం. రెండు ఫోన్లూ స్విచాఫ్.

మూడో రోజు అక్కయ్య పాత చోటనే స్టూలు వేసి, దాని మీద జున్ను బేసిను పెట్టింది. ఈగలు వాలకుండా సర్టిఫికెట్టు మూత వేసింది. దాన్ని నేనే లామినేట్ చేశాను, తడిసినా ఏమీ కాదు. పదింటికి నరసింహం గారు దిగారు.

"బేసిను తియ్యమ్మా."

"ఇది నాది కాదండి." అక్కయ్య మూత ఎత్తి చూపించింది. "కంపెనీది."

"ఎవరిదైతేనేం, నువ్వు తియ్యి!"

"నేనెవర్నండీ తియ్యడానికి? నేను వేరు, కంపెనీ వేరు. మీరేగా చెప్పారు! కంపెనీకి నోటీసిచ్చుకోండి. తెనాలిలో ఉంటుంది."

నరసింహం గారు రూలు తప్పని మనిషని చెప్పాను కదా. నోటీసు పట్టుకుని తెనాలి వెళ్ళారు. మేడ మీద ఆ గది తలుపుకి ఇరవై బోర్డులున్నాయట, తాళం మాత్రం ఒకటేనట. సాయంత్రం బస్సు దిగి, తిన్నగా అక్కయ్య దగ్గరికొచ్చి, నిలబడే రెండు కప్పుల జున్ను తిని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను షాపు తీసేసరికి, మెట్ల మీద పందొమ్మిది మంది మేనేజింగ్ డైరెక్టర్లు లామినేషన్ కోసం వరసగా కూర్చుని ఉన్నారు.