నడుము దగ్గర ఆగిపోయిన ఊరు

మా పట్టణంలో పరువుగలవాళ్ల శరీరాలు నడుము దగ్గర ఆగిపోతాయి. ఆ కింద ఉన్నది నోరు తెరిచి చెబితే తప్ప ఎవరి కంటికీ కనబడదు. వాళ్లు పెంచే కుక్కలకూ ఇదే నియమం. సాయంత్రం పార్కులో చొక్కాలూ, వాటి ముందు కుక్క తలలూ తేలుతూ షికారు చేస్తుంటాయి. పైఊరివాళ్లు మొదటిరోజు ఉలిక్కిపడతారు, మర్నాటికి అలవాటు పడతారు. బట్టల కొట్లవాళ్లు ప్యాంట్లు అమ్మడం మానలేదు, కొనడం మేమూ మానలేదు.

బ్యాంకు మేనేజరు భుజంగరావుగారి కుక్క పేరు సింగన్న. పోయిన నెలలో అది కూర్చుని లేచిన చోటల్లా పసుప్పచ్చని మరక కనబడసాగింది. మొదట చుక్కే. తరవాత చీమూ వాసనా, ఆపైన నెత్తురు. సింగన్న మెడ వంచి, కనబడని చోటును అదేపనిగా నాకుతూ ఉండేది.

"వేడి చేసింది, అంతే," అని భుజంగరావుగారు మజ్జిగ పట్టించారు. మా ఊళ్లో నడుము కింది రోగాలన్నిటికీ పేరు ఒకటే, మందూ ఒకటే. తగ్గకపోయేసరికి పక్కింటాయన, "దానికి జత కావాలండీ, ఓ ఆడకుక్కను చూడండి," అన్నాడు. సంబంధాలు వెతకడం మొదలైంది. ఈలోగా సింగన్న తిండి మానేసింది. గోడ దగ్గర నిలబడి మూలుగుతుంది, ఒంటికి రాదు.

పశువుల ఆస్పత్రిలో డాక్టర్ నూర్జహాన్ బల్లమీది సగం కుక్కను చూశారు.

"ఏంటండీ ప్రాబ్లం?"

"అదే... కాస్త నీరసంగా ఉంటోందండీ. కళ్లల్లో కళ లేదు."

డాక్టరుగారు కళ్లు చూశారు, చెవులు చూశారు, పళ్లు చూశారు. "చెప్పనిది నాకు కనబడదండీ," అన్నారు.

భుజంగరావుగారు గోడమీది క్యాలెండరు చూడసాగారు. ఆయన భార్య సుభాషిణిగారికి ఒళ్లు మండింది.

"మీ పరువు పట్టుకుని కూర్చుంటే దాని ప్రాణం పోయేలా ఉంది! ఒంటికి పోయే చోటునించి చీమూ నెత్తురూ కారుతున్నాయి డాక్టరుగారూ. పొద్దుట్నించి చుక్క రాలేదు."

ఆ మాటతో సింగన్న వెనక సగం తోకతో సహా బల్లమీద ప్రత్యక్షమైంది. డాక్టరుగారు వెంటనే గొట్టం వేసి మూత్రం తీశారు.

"మగకుక్కకి ఎప్పుడైనా ఓ చుక్క తెల్లగానో పసుప్పచ్చగానో రావడం మామూలేనండీ. ఎక్కువైనా, వాసనొచ్చినా, నెత్తురు పడినా, అస్తమానం నాకుతున్నా తీసుకొచ్చెయ్యాలి. ఒంటికి రాకపోతే మాత్రం గంట కూడా ఆగకూడదు. దీనికి ప్రోస్టేట్ వాచింది. ఇంకో రోజైతే దక్కేది కాదు."

మందులతో, ఆపైన ఆపరేషన్‌తో సింగన్న కోలుకుంది. మా వీధిలో పూర్తిగా కనబడే కుక్క ఇప్పుడు అదొక్కటే. పిల్లలు దాన్ని చూడ్డానికి గేటు దగ్గర గుమిగూడతారు.

మొన్న సుభాషిణిగారు బాత్‌రూములో గచ్చుమీద ఎర్రటి చుక్కలు చూశారు. "మళ్లీ మొదలైందండీ దీనికి!"

భుజంగరావుగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అవునవును, దానిదే," అన్నారు. కుక్కను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు.

డాక్టరుగారు నిదానంగా పరీక్షించారు. "దీనికేం లేదండీ, శుభ్రంగా ఉంది. ఇంట్లో ఇంకెవరికైనా...?"

"లేదండీ. మా ఇంట్లో నడుము కింద ఉన్నది దానికొక్కదానికే."

బయటికొచ్చి ఓ గ్లాసు మజ్జిగ తాగారు. సింగన్న నాలుగు కాళ్లతో ముందు నడిచింది. దాని వెనక ఆయన చొక్కా మధ్యమధ్య ఆగుతూ, తేలుతూ వచ్చింది. రోడ్డుమీద పడిన చుక్కలు చూసి, దారినపోయేవాళ్లంతా కుక్కమీద జాలిపడ్డారు.